పింగాణీ గిన్నెను ముందు బోర్లించండి

నా దగ్గరున్న చైనా పింగాణీలో నాకు ఎక్కువ నేర్పింది ఒక నకిలీ గిన్నె. హాంకాంగ్‌లో ఒక ఇరుకు దుకాణంలో 4,000 హాంకాంగ్ డాలర్లు పోసి కొన్నాను. బయట గులాబీ రంగు పియొనీ పువ్వులు, లోపల పాలమీగడ తెలుపు. బోర్లిస్తే అడుగున నీలంతో ఆరు అక్షరాలు. వాటిని చదవడం అప్పుడప్పుడే నేర్చుకున్న మురిపెం నాది. కుడి వరస పైనుంచి కిందికి, తర్వాత ఎడమ వరస: ‘మహా మింగ్ వంశం, చెంగ్‌హువా కాలంలో చేసినది’. చెంగ్‌హువా అంటే ఒక చక్రవర్తి పాలించిన కాలం పేరు, 1465–1487. దుకాణదారు ఎక్కడ మనసు మార్చుకుంటాడో అన్న టెన్షన్‌లో బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

వారం తర్వాత, ఈ పనిలోనే తల నెరిసిన స్నేహితుడొకాయన దాన్ని చూశారు. అక్షరాల జోలికే పోలేదు. “చెంగ్‌హువా కాలంలో ఈ గులాబీ రంగు ఎవరిచ్చారయ్యా?” అన్నారు. పింగాణీ మీద ఆ రంగు చైనాలో కనిపించడం మొదలైంది 1720ల ప్రాంతంలో. అతి సన్నని బంగారు రేణువుల వల్ల వచ్చే రంగు అది. అంటే గిన్నె మీద పేరున్న చక్రవర్తి పోయిన రెండు వందల ఏళ్లకు పైగా గడిచాకగానీ ఆ పువ్వు పూయదు. నేను అక్షరాలు చదివాను, గిన్నెను చూడలేదు.

ఇలా మోసపోవడాన్ని చైనా సేకరణదారులు ‘దా యెన్’ అంటారు, కంటికి దెబ్బ తగిలిందని. అసలైన సరుకు చవగ్గా దొరికితే ‘జియెన్ లౌ’, అంటే కారిపోయినదాన్ని ఏరుకోవడం. ఈ రెండో దానికోసం వెళ్లే ప్రతివాడికీ మొదటిది ఒకసారైనా తగులుతుంది. మీకు తగిలేటప్పుడు తక్కువ ధరలో తగలాలని ఈ రాత.

మొదటి పని, వస్తువును తిరగేసి పాదం చూడటం. అడుగున అక్షరాలుండే ముద్ర కాదు, గిన్నె కూర్చునే ఆ గుండ్రటి అంచు. పింగాణీకి రెండు ముడిసరుకులు: తెల్లటి కవోలిన్ మట్టి, నలగ్గొట్టిన పింగాణీ రాయి. జియాంగ్‌షీ రాష్ట్రంలో, చైనా పింగాణీకి పుట్టిల్లులాంటి జింగ్‌డెజెన్ దగ్గరున్న గావోలింగ్ అనే ఊరి పేరే కవోలిన్ అయింది. ఈ ముద్దను దాదాపు 1,300 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడిలో కాలిస్తే మట్టి, దాని మీద పోసిన మెరిసే పూత (గ్లేజ్) ఒకటైపోతాయి. ఆ వేడికి గ్లేజ్ గాజులా కరుగుతుంది కాబట్టి పాదం మీద దాన్ని తుడిచేస్తారు, లేకపోతే గిన్నె కింద ఆనుకున్నదానికి అంటుకుపోతుంది. అందుకే చాలా గిన్నెల్లో ఒట్టి మట్టి కనిపించే చోటు అదొక్కటే. పైన ఎన్ని బొమ్మలైనా వేయొచ్చు, అక్కడ దాచడం కష్టం.

అక్కడ వేలు పెట్టి నిదానంగా చుట్టూ తిప్పండి. ఎగుమతికి తొందరగా చేసిన మింగ్ పళ్లేలకు బట్టీలోని ఇసుక రేణువులు అంటుకుని గరుగ్గా ఉంటాయి. గ్లేజ్ ఆగిపోయిన గీత వెంబడి సన్నటి నారింజ రంగు కనిపిస్తే, అది మట్టిలోని ఇనుము బట్టీలో కాలి తేలిన రంగు. కాంగ్‌షీ కాలపు (1662–1722) పెద్ద జాడీలు, కూజాలు కొన్నింటికి కొయ్య పీట మీద కుదురుగా కూర్చోవడానికి పాదంలోనే గాడి తీశారు. ఇవన్నీ నకిలీ చేసేవాళ్లకూ తెలుసు. కానీ ఒకటి రెండు లక్షణాలు తేవడం తేలిక, అన్నీ ఒకే గిన్నెలో కలిసొచ్చేట్టు చేయడం తేలిక కాదు.

తర్వాత అరుగుదల. మూడు వందల ఏళ్లు బల్లల మీద జరిగిన గిన్నె పాదం నేలకు తగిలే చోట నున్నబడుతుంది, తగలని చోట కాదు. మురికి కూడా అంతే, ఒకచోట పేరుకుని ఒకచోట పోతుంది. పాదమంతా ఒకే గోధుమ రంగు పూసినట్టుంటే అనుమానించండి. టీ డికాషన్, బూట్ల పాలిష్, పర్మాంగనేట్ నీళ్లు, వీటితో వయసు పూయడం పాత విద్య. కొత్త గ్లేజ్ మెరుపు చంపడానికి ఆమ్లంలో ముంచుతారు కూడా. పది రెట్ల భూతద్దంతో చూస్తే ఆమ్లం తిన్న గ్లేజ్ మీద సన్నటి గుంటలు కనిపిస్తాయి. నిజమైన వాడకపు గీతలు పొడుగూ పొట్టీగా అన్ని దిక్కులా ఉంటాయి. గరుకు కాగితం గీతలు మాత్రం వడ్లు తూర్పారబట్టినట్టు ఒకే వైపు పోతాయి.

పాదం బాగుందని మురిసిపోయి అక్కడే ఆగిపోకండి. పగిలిన పాత గిన్నె అడుగును కొత్త ఒంటికి అతికించే పనివాళ్లున్నారు. ముద్ర అసలుది, మట్టి అసలుది, పైదంతా నిన్నటిది! లోపల టార్చి వేసి, అడుగూ గోడా కలిసే చోట వలయంలాంటి అతుకు ఉందేమో వెతకండి.

ఇక రంగులు. నీలం గ్లేజ్ కింద ఉంటుంది, కోబాల్ట్‌తో పచ్చి మట్టి మీదే గీసి, పైన గ్లేజ్ పోసి కాలుస్తారు. వేలితో తడిమితే నున్నగా ఉంటుంది. ఎరుపు, పసుపు, గులాబీ లాంటివి ఒకసారి కాల్చిన గ్లేజ్ పైన వేసి, తక్కువ వేడిలో మళ్లీ కాల్చినవి. ఏటవాలు వెలుతురులో చూస్తే కాస్త ఉబ్బెత్తుగా కనబడతాయి. మింగ్ కాలపు షువాన్‌దె (1426–1435) నీలంలో అక్కడక్కడ నల్లటి చుక్కలు గ్లేజ్‌లోకి దిగి ఉంటాయి. ఇనుము ఎక్కువున్న, బయటి దేశం నుంచి తెచ్చిన కోబాల్ట్ వల్ల అలా వచ్చింది, ఎవరూ కావాలని పెట్టింది కాదు. 18వ శతాబ్దపు చిత్రకారులు ఆ అందం చూసి, కుంచెతో చుక్కలు గుచ్చి మరీ అనుకరించారు. అవి పైపైన వరసగా ఉంటాయి. నాకైతే ఆ అనుకరణలంటేనే ఒకింత ఎక్కువ ఇష్టం, అది వేరే సంగతి.

ముద్ర సంగతి చివరికి వదిలేసింది కావాలనే. చైనాలో పాత చక్రవర్తి పేరు కొత్త గిన్నె మీద రాయడం ఎప్పుడూ మోసమే కాదు, చాలాసార్లు పూర్వుల పనితనానికి పెట్టిన దండం. కాంగ్‌షీ కాలంలో చేసిన మేలైన పింగాణీ మీద చెంగ్‌హువా పేరు కోకొల్లలు. దానికి తోడు 1677లో జింగ్‌డెజెన్ మీద అధికారమున్న స్థానిక అధికారి, చక్రవర్తి పేరు గిన్నెల మీద రాయొద్దన్నాడు. పగిలితే ఆ పేరు చెత్తకుప్పలో పడుతుందని. అందుకే ఆ కాలపు గిన్నెల అడుగున ఖాళీగా ఉన్న రెండు నీలి వలయాలు, లేదా ఒక ఆకు బొమ్మ కనిపిస్తే చిన్నచూపు చూడకండి. అటువైపు, నాలుగక్షరాల కాంగ్‌షీ ముద్రున్న నీలం-తెలుపు జాడీలు చాలామటుకు 19వ శతాబ్దం చివరివి, గువాంగ్‌షూ కాలం (1875–1908) నాటివి. ‘చైనా’ అని ఇంగ్లిషు అక్షరాలుంటే, అమెరికా సుంకం చట్టం వల్ల 1891 నుంచి మొదలైన అలవాటది. ఆ మాట లేనంత మాత్రాన అంతకన్నా పాతదని మాత్రం కాదు.

చెంగ్‌హువా కాలపు కోడిపుంజు బొమ్మ కప్పు ఒకటి 2014లో హాంకాంగ్ వేలంలో 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. అడ్డంగా కొలిస్తే ఎనిమిది సెంటీమీటర్లుంటుందేమో. కొన్న చైనా సేకరణదారు ల్యూ యీచియెన్ అందులో టీ తాగి ఫొటో దిగాడు. ఆ కప్పుకు కాంగ్‌షీ కాలం నుంచి ఇవాళ్టి దాకా నకళ్లు పుడుతూనే ఉన్నాయి. మీకు అంగట్లో ఎదురయ్యేది వాటిలో ఒకటి.

మరి మొదట ఏం కొనాలి? నన్నడిగితే గిన్నె కాదు, పగిలిన పాత గిన్నెల పెంకులు. జింగ్‌డెజెన్‌లో తెల్లారకముందే టార్చి వెలుగులో పాత పెంకులమ్మే సంత ఉంది. విరిగిన అంచులో మట్టి రంగు, గ్లేజ్ మందం, వాటి మధ్య గీత అన్నీ కనిపిస్తాయి. సాంగ్ వంశ కాలపు (960–1279) లోంగ్‌చ్యువాన్ అనే ఊరి ఆకుపచ్చ గ్లేజ్ పెంకును ఒక్కసారి అంచు వైపు నుంచి చూస్తే, ఆ పచ్చదనం పైపూత కాదని, లోతున్న నీరులాంటిదని తెలుస్తుంది. అయితే పెంకుల్లోనూ కొత్తవి కలుపుతారు, కాబట్టి చిల్లర ధరకే కొనండి. ఇంకో దారి మ్యూజియం. బీజింగ్ రాజప్రాసాదం, షాంఘై మ్యూజియం, లేదా సుమారు 1,700 వస్తువులున్న పెర్సివల్ డేవిడ్ సేకరణ ఉన్న బ్రిటిష్ మ్యూజియం. చివరిదాంట్లో ఒక గుడికి కానుకగా ఇచ్చిన రెండు నీలం-తెలుపు కూజాలున్నాయి. వాటి మెడ మీద రాసిన తేదీ 1351కి సరిపోతుంది. యువాన్ వంశ కాలపు నీలాన్ని పోల్చుకోవడానికి లోకమంతా వాటినే గీటురాయిగా పెట్టుకుంది.

పెంకుల తర్వాత మునిగిన ఓడల సరుకు. తేదీ ముందే తెలుసు కాబట్టి కొత్తవాళ్లకు దీన్ని మించింది లేదు. చైనాలోని శ్యామెన్ నుంచి బటావియా (ఇప్పటి జకార్తా) పోతూ 1822లో మునిగిన టెక్ సింగ్ ఓడలోంచి దాదాపు 3,50,000 వస్తువులు తీసి, 2000లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వేలం వేశారు. 1752లో మునిగిన డచ్చి ఓడ గెల్డర్‌మాల్సన్ సరుకు 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్ముడైంది. ఉప్పునీళ్లకు గ్లేజ్ కాస్త మసకబారి ఉంటుంది, ఫర్వాలేదు. వేలం స్టిక్కర్ ఊడదీసి ఇంకోదానికి అతికించడం నిమిషం పని, కాబట్టి కాగితాలు కూడా అడిగి తీసుకోండి.

టాంగ్ కాలపు (618–907) మూడు రంగుల మట్టి గుర్రపు బొమ్మల జోలికి ఇప్పుడే పోవద్దు. తప్పదనుకుంటే థర్మోలూమినెసెన్స్ పరీక్ష ఉంది. చిటికెడు మట్టి తొలిచి వేడి చేసి, అది విడుదల చేసే వెలుగును బట్టి ఎప్పుడు కాల్చారో అంచనా వేస్తారు. పాత ముక్కల్ని కొత్త బొమ్మలో కలిపేవాళ్లున్నారు, అందుకని ఒక్క చోట కాదు, రెండు మూడు చోట్ల తొలిపించండి.

చట్టం ఒక ముక్క: 1911కు ముందటి పాత వస్తువులు మామూలుగా చైనా దాటి పోకూడదు. అనుమతి ఉన్నవాటికి ఎర్ర లక్క ముద్ర వేస్తారు. అందుకే సంతలో ఎవరైనా “మూడొందల ఏళ్లది, నిశ్చింతగా పట్టుకెళ్లండి” అంటే, నిజమైతే విమానాశ్రయంలో పోతుంది, అబద్ధమైతే డబ్బు పోతుంది.

పట్టుకునే పద్ధతి కూడా నేర్చుకోండి. ఉంగరాలు, గడియారం తీసేయాలి. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని పైనే రెండు చేతులతో ఎత్తాలి, అంచు పట్టి కాదు. చేతి నుంచి చేతికి అందించరు. మీరు చూసి బల్ల మీద పెడితే, అవతలివారు అక్కణ్ణుంచి తీసుకుంటారు. పగిలితే ఎవరి చేతిలో పగిలిందన్న గొడవ ఉండదు. అరచేతిలో నిలబెట్టి గోటితో మెల్లగా మీటండి. ఖంగున మోగితే మంచిది, డొల్లగా పలికితే బీట ఉంది. అతుకులు, రంగు పూతలు అల్ట్రావయొలెట్ టార్చి కింద వేరే రంగులో వెలుగుతాయి. బీటున్నంత మాత్రాన వద్దనకండి. అసలైన గిన్నె చవగ్గా మన ఇంటికొచ్చే దారి అదే.

కడగాల్సి వస్తే ప్లాస్టిక్ తొట్టిలో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లు. పాత అతుకులు వేడినీళ్లకు ఊడిపోతాయి, బంగారు పూత రుద్దితే పోతుంది. కొన్న ప్రతిదానికీ రసీదు, పాదం ఫొటో, ఎందుకు కొన్నారో రెండు వాక్యాలు ఒక నోటుబుక్కులో పెట్టండి. నా నోటుబుక్కు మొదటి పేజీలో ఆ గులాబీ గిన్నె ఉంది. ‘ముద్ర స్పష్టంగా ఉంది’ అన్నదొక్కటే కారణంగా రాసుకున్నాను. గిన్నెను మాత్రం పారేయలేదు. భూతద్దం, టార్చి అందులోనే పెడుతున్నాను.