ముంబైల పాలమూరోళ్ల సంఘం: పదవుల కంటే ముందు పైసల లెక్క

సైటు మీద ఒకాయన పడి చనిపోతాడు. శవాన్ని ఊరికి చేర్చాలి. అడ్డా మీద తలా రెండొందలు, ఐదొందలు వేస్తారు. ముంబై, పుణెలల్ల కూలికి పోయిన మన పాలమూరోళ్లకు సంఘం కావాలన్న ఆలోచన ఎక్కువగా అప్పుడే పుడుతుంది. మిగిలిన పైసలు ఎవరి దగ్గరున్నయన్న ముచ్చట మీద అప్పుడే చెడుతుంది కూడా. అందుకే అధ్యక్షుడు ఎవరన్నది పక్కన పెట్టండి. ముందు పేర్ల పుస్తకం, తర్వాత పైసల నియమాలు, ఆ తర్వాతే పదవులు.

పుస్తకంలో ఇంటికొక పేజీ పెట్టండి. పేరు, ఊరు, మండలం, ఆధార్ చిరునామా, రక్తం గ్రూపు, ఏ మేస్త్రి కింద పని చేస్తున్నారో రాయాలి. ఊళ్లో ఉండే ఒకరి ఫోన్ నంబరు తప్పనిసరి, ఎందుకంటే ప్రమాదం జరిగినప్పుడు ఆ మనిషి ఫోన్ తాళం ఎవరికీ తెలియదు. భార్యను విడిగా సభ్యురాలిగా రాయండి. సాయం ఎవరి చేతికి ఇవ్వాలో ఆ పేజీలోనే ఆ మనిషితో సంతకమో వేలిముద్రో పెట్టించండి. అది లేకపోతే చావు ఇంట్లోనే అన్నదమ్ములకూ భార్యకూ పంచాయితీ అవుతుంది.

పాలమూరు అంటే ఎక్కడిదాకానో కూడా రాతలో ఉండాలి. పాత జిల్లా ఇప్పుడు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట అయింది. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి పోయాయి. "2016కు ముందున్న మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లవాళ్లు" అని ఒక్క వాక్యం రాస్తే గొడవ ఉండదు. నల్లగొండవాళ్లను కలుపుకుంటే అదీ ఇట్లనే రాయండి.

చందా చిన్నగా ఉండాలి, ఆగకుండా రావాలి. నూరు ఇళ్లు నెలకు వంద చొప్పున కడితే ఏడాదికి 1,20,000. మొదటి ఆరు నెలలు శవాన్ని ఊరికి చేర్చే ఖర్చుకు తప్ప ముట్టుకోవద్దు. ఒక శవాన్ని ఊరికి చేర్చేంత సొమ్ము ఎప్పుడూ ఖాతాలో మిగిలేలా నియమం పెట్టండి. అది దాటి ఉన్నదాంట్లోంచే ఆసుపత్రి సాయమైనా, బతుకమ్మ ఖర్చయినా. ఒక్కరి ఫోన్‌పేకు చందా వేయించుకోవడం పెద్ద తప్పు, సొంత పైసలూ సంఘం పైసలూ కలిసిపోతాయి. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ముగ్గురి పేర్ల మీద ఉమ్మడి ఖాతా తెరిచి, ఇద్దరి సంతకం ఉంటేనే తీసేలా పెట్టండి. నంబర్లున్న రశీదు పుస్తకం వాడండి, నెలనెలా ఖాతా లెక్క ఫోటో అందరికీ పంపండి. సంఘం పేరు మీద చిట్టీలు నడపొద్దు, వడ్డీకి ఇవ్వొద్దు. చిట్టీ ఎగ్గొట్టినవాడితో సంఘమూ పోతుంది.

కూలీలకు అడ్వాన్సు ఇచ్చి పనికి తెచ్చే గుంపు మేస్త్రిని కోశాధికారిగా పెట్టొద్దు, ఆయన ఎంత మంచివాడైనా సరే. అడ్వాన్సు బాకీ ఉన్న కూలీ ఆయనను లెక్క అడగలేడు.

చావు జరిగితే ఏం చేయాలో ముందే రాసి, ఇద్దరికి ఆ బాధ్యత అప్పగించండి. ప్రమాదమైతే పోలీసు పంచనామా, పోస్టుమార్టం జరగనిదే శవాన్ని కదపొద్దు. ఎఫ్‌ఐఆర్ కాపీ, శవాన్ని తీసుకుపోవడానికి పోలీసుల అనుమతి కాగితం తీసుకోవాలి. మేస్త్రి హాజరు పుస్తకంలో ఆ మనిషి పేరున్న పేజీని అదే రోజు ఫోటో తీయండి, లేకపోతే "మా దగ్గర పనే చేయలేదు" అంటారు, పరిహారం దావా నిలబడదు. ముంబై నుంచి మహబూబ్‌నగర్ దాదాపు 700 కిలోమీటర్లు. ఫ్రీజర్ బాక్సున్న అంబులెన్సుకు రానూపోనూ కిరాయి, టోల్, డ్రైవర్ భత్యం కలిపి ముందే ఒప్పుకుని రాసుకోండి.

అందరూ మరిచేది మరణ ధ్రువపత్రం. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి, ఊళ్లో పంచాయతీ ఇవ్వదు. గడువు 21 రోజులు. ఆ మనిషి దినాలు అయ్యేదాకా ఇంటివాళ్లకు ఇది గుర్తుకు రాదు, అందుకే ఈ పని సంఘానిదే. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాలి. బీమాకు, బ్యాంకుకు, వితంతు పింఛనుకు వేర్వేరుగా అడుగుతారు కాబట్టి ఐదారు కాపీలు తీసుకుని ఊరికి పంపండి.

ఇక రిజిస్ట్రేషన్. మహారాష్ట్రలో రెండు కావాలి: 1860 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఒకటి, 1950 పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద ఇంకొకటి. ముంబైలో రెండింటికీ వర్లీలోని చారిటీ కమిషనర్ ఆఫీసుకే పోవాలి. కనీసం ఏడుగురు వ్యవస్థాపకులు, సంఘానికి మూడు ప్రత్యామ్నాయ పేర్లు, మెమోరాండం (సంఘం ఉద్దేశాల పత్రం), నియమావళి, తీర్మానం, ప్రతి ఒక్కరి గుర్తింపు, చిరునామా పత్రాలు సిద్ధం పెట్టుకోండి. ఆఫీసు చిరునామాకు ఇంటి ఓనరు అంగీకార పత్రం కావాలి. కిరాయి గదిలో ఉండేవాళ్లకు ఇక్కడే పని ఆగుతుంది, అందుకే సొంత ఇల్లున్న సభ్యుడి చిరునామా ఇవ్వండి. నియమావళి మరాఠీలో దాఖలు చేసినా, తెలుగు ప్రతి మీటింగులో చదివి వినిపించాలి. రెండింట్లో ఒక్క మాట తేడా ఉన్నా తర్వాత తగాదా అవుతుంది. సర్టిఫికెట్ వచ్చాక సంఘం పేరున పాన్ తీసుకుని అసలు ఖాతా తెరవండి.

కమిటీ మారిన ప్రతిసారీ 90 రోజుల్లో చారిటీ కమిషనర్ ఆఫీసులో ఛేంజ్ రిపోర్టు (మార్పు తెలిపే పత్రం) వేయాలి. వేయకపోతే కాగితం మీద పాతవాళ్లే ఉంటారు, కొత్తవాళ్ల సంతకాన్ని బ్యాంకు ఒప్పుకోదు. కమిటీలో ఒకరికి ఈ ఒక్క పనే అప్పగించండి.

లెక్కలు మార్చి 31కి మూసి ఆడిట్‌కు ఇవ్వండి. సర్వసభ్య సమావేశం మే మొదటి ఆదివారం పెట్టుకోండి. తొలకరికి ఊరు పోయేవాళ్లు అప్పటికి ఇంకా ఇక్కడే ఉంటారు. దసరాకో, కురుమూర్తి జాతరకో పెడితే కోరం పడదు.