పాత దర్వాజ ఏ ఊరిదో ఎట్లా పట్టుకోవాలి

చెక్కడం ఉన్న పాత చెక్క ఏదైనా చేతికొస్తే, ముందు దాన్ని కడగకండి. ఉప్పుకాగితం అసలే పట్టకండి. మాది తెలంగాణలో కృష్ణ దగ్గరి కొల్లాపూర్‌లో వడ్లపని (వడ్రంగం) ఇల్లు. మా నాయన పాత దర్వాజ ముందు కూర్చుంటే మొదట కడప (గడప) దగ్గరే చూసేవాడు. పండుగ పండుగకు పూసిన పసుపు, దాని మీద సున్నం, ఆ పైన దీపం నూనె మసి పొరలు పొరలుగా పేరుకుని ఉంటే అది ఇంటి దర్వాజే. ఆ పొరలు పోతే సాక్ష్యం పోయినట్టే.

తర్వాత వెనక్కి తిప్పండి. టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా పట్టండి. బాడిశతో చెక్కిన చోట చిన్న చిన్న పల్లాలు కనబడతాయి. చేతి రంపం గీతలు తిన్నగానే ఉంటాయి గానీ ఎడం ఒక్కతీరుగా ఉండదు. విల్లులా వంగిన గీతలు వరుసగా ఉంటే మిల్లులో గుండ్రటి రంపం కోసిన చెక్క అన్నమాట. మేకులు కూడా చూడండి. కమ్మరి కొలిమిలో కొట్టిన మేకు నలుపలకలుగా ఉంటుంది. గుండ్రటి మేకు కనబడగానే కొత్తదని తేల్చేయకండి, మరమ్మతుకు తర్వాత కొట్టి ఉండొచ్చు.

ఆ చెక్క ఏ పని చేసిందో తెలియకుండా ఊరు తెలియదు. పైకమ్మిలో (దర్వాజ పైన అడ్డంగా ఉండే కర్రలో) గుండ్రటి గుంట, దాని అంచు నున్నగా అరిగి ఉంటే అక్కడ తలుపు కొన తిరిగింది. పాత తలుపులకు ఇనుప బందులు ఉండేవి కావు. చిన్న పలక, ముందు దేవుడి బొమ్మ, ఎండావానలకు నెరిసిన ముఖం, వెనక దూర్చడానికి నాలుక ఉంటే రథానిది కావచ్చు. అలాంటిది అమ్మకానికి వస్తే కొనేముందు ఏ గుడిదో అడగండి.

బొమ్మను బట్టి కాలం చెప్పడం నాకు నమ్మకం లేదు. గజలక్ష్మి రాతి గుళ్ల ద్వారబంధాల మీద వందల ఏళ్లుగా ఉంది, మొన్న చేసిన దర్వాజ మీదా ఉంది. కర్ర కూడా అంతే. టేకైనా జిట్రేగైనా గడీల వాళ్లు దూరం నుంచి తెప్పించుకోగలరు.

ఏడాది చెక్కి ఉంటే అదృష్టం. నిజాం ఇలాకాలో ఫసలీ ఏళ్లు, అంటే శిస్తు లెక్కల ఏళ్లు రాసేవారు, దానికి 590 కలిపితే ఇంగ్లీషు ఏడాది వస్తుంది. 1342 ఫసలీ అంటే 1932-33. ఆంగీరస అని తెలుగు ఏడాది పేరే ఉంటే 1872 కావచ్చు, 1932 కావచ్చు. పక్కన ఫసలీ కూడా ఉంటే అనుమానం తీరుతుంది.

మన దిక్కున అసలు చిక్కు వేరే ఉంది. శ్రీశైలం డ్యాం నీళ్లకు కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగినయి. అంతకుముందే నాగార్జునసాగర్ కింద నల్లగొండ వైపు ఏలేశ్వరం లాంటివి పోయినయి. జనం ఇళ్లు విప్పి దర్వాజలు, దూలాలు వెంట తెచ్చుకున్నరు. అందుకే ఇప్పుడున్న ఇల్లే దాని పుట్టిల్లు అనుకోవద్దు. నిలువు కమ్ముల కింది కొన కొత్తగా కోసి ఉందా, పాత గుంటలో చెక్క ముక్క బిగించి ఉందా చూడండి. ఉంటే అది వేరే గోడకు చేసిందే. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను అడగాలి. ‘ఇది ఎక్కడిది’ అంటే ‘మాదే’ అంటారు. ‘తాతా, ఇల్లు కట్టినప్పుడే ఈ దర్వాజ చేయించిన్రా?’ అని అడగండి. ఒక పెద్దాయన నాకు చెప్పిన జవాబు: ‘లేదు బిడ్డా, మునిగిన ఊరి నుంచి మా మామ బండి మీద తెచ్చిండు.’ ఊరి పేరు, ఆ ఇంటి పేరు, ఏ వడ్లాయన చేసిండో అక్కడికక్కడే రాసుకోండి. ఆ వడ్లాయన మనవలు దగ్గర్లో ఉంటే ఫోటో చూపండి. వాళ్ల ఇంటి చెక్కడంలో పూరేకు మలుపు ఎట్లా ఉంటుందో వాళ్లకు తెలుస్తుంది.

నూరేళ్లు దాటిన చెక్కడమని తేలితే 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. విదేశంలో ఉన్న పిల్లలకు పంపే ఆలోచన ఉంటే ముందే పురావస్తు శాఖ వాళ్లతో మాట్లాడండి.