డేటా మైనింగ్ మనంతట మనమే – 4వ భాగం: కారప్పొడి కొన్నవాళ్లు ఇంకేం కొంటారు?

డేటా మైనింగ్ అంటే కుప్పగా పడి ఉన్న వివరాల్లోంచి పనికొచ్చే సంగతులు తవ్వి తీయడం. అందుకోసం పోయిన భాగంలో కిరాణా కొట్టు బిల్లుల్ని శుభ్రం చేసుకున్నాం కదా, ఒకే సరుకు మూడు పేర్లతో ఉంటే ఒక్క పేరు కిందికి తెచ్చాం, ఖాళీ వరసలు తీసేశాం. ఆ పని చేయకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు దయచేసి వెనక్కి వెళ్లి అది పూర్తి చేసుకుని రండి. ఈ రోజు మన పనంతా లెక్కపెట్టడమే, "నందిని", "పాల ప్యాకెట్", "మిల్క్" అని విడివిడిగా పడి ఉన్నవాటిని లెక్కపెడితే దేనికదే తక్కువ వచ్చి అసలు లెక్క గోవిందా అయిపోతుంది.

ఈసారి నేర్చుకునేది అసోసియేషన్ రూల్స్, అంటే ఫలానాది కొన్నవాళ్లు దాంతోపాటు ఏం కొంటున్నారో పట్టుకోవడం. ప్రోగ్రామింగ్ రాకపోయినా పర్వాలేదు, కాగితం, పెన్సిల్ చాలు. ఈ లెక్కకు దారి వేసింది 1993లో ఐబీఎం అల్మడెన్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఒక పేపర్. రాకేశ్ అగ్రవాల్, తోమాష్ ఇమియెలిన్‌స్కీ, అరుణ్ స్వామి ముగ్గురూ కలిసి రాశారు. వాళ్లు ఒక పెద్ద రిటైల్ కంపెనీ నుంచి 46,873 కొనుగోళ్ల వివరాలు తీసుకున్నారు, అందులో సరుకుల పేర్లు కూడా లేవు, ఏ విభాగంలో కొన్నారన్నది మాత్రమే ఉంది, మొత్తం 63 విభాగాలు. వాళ్లకు దొరికిన రూల్స్‌లో ఒకటి: టైర్లు కొన్నవాళ్లలో 98.80 శాతం మంది బండి సర్వీసు విభాగంలో కూడా డబ్బు కట్టారు. మరి టైర్లు కొని బిగించుకోకుండా నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్తారా! ఈ పద్ధతిలో మొదటి ఇబ్బంది అదే, బాగా బలంగా కనిపించే రూల్ చాలాసార్లు అందరికీ తెలిసిన విషయమే అయి ఉంటుంది.

మన డేటా మాత్రం బెంగళూరు మారతహళ్లిలో నెల్లూరాయన నడిపే కిరాణా కొట్టుది. చుట్టూ పీజీ హాస్టళ్లు, సగం మంది మనవాళ్లే. అక్కడ చాలామంది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వెళ్లిపోతారు, యూపీఐలో ఎంత కట్టారో ఉంటుంది కానీ ఏం కొన్నారో ఉండదు, అందుకని ఆయన చేత్తో రాసుకున్న పుస్తకంలోంచి పది బిల్లులు తీసుకున్నాను. ఎన్ని కొన్నారు, ఎంతయింది అనేవి వదిలేయండి, ఉందా లేదా అన్నదే మనకు కావాలి.

1. దోసె పిండి, కారప్పొడి, పాలు
2. పాలు, బ్రెడ్, గుడ్లు
3. దోసె పిండి, కారప్పొడి
4. పాలు, పెరుగు
5. దోసె పిండి, పాలు, కారప్పొడి, పెరుగు
6. బ్రెడ్, గుడ్లు, పాలు
7. దోసె పిండి, పెరుగు
8. పాలు, పెరుగు, నూడుల్స్
9. బ్రెడ్, పాలు, గుడ్లు
10. దోసె పిండి, కారప్పొడి, పాలు, అగ్గిపెట్టె

ఇప్పుడు మీరు కిందికి చదవకుండా ఒక్కో సరుకు ఎన్ని బిల్లుల్లో ఉందో మీరే లెక్కపెట్టండి. పాలు 8, దోసె పిండి 5, కారప్పొడి 4, పెరుగు 4, బ్రెడ్ 3, గుడ్లు 3, నూడుల్స్ 1, అగ్గిపెట్టె 1 రావాలి. ఈ అంకెనే సపోర్ట్ అంటారు, పదిలో ఎనిమిది కాబట్టి పాల సపోర్ట్ 80 శాతం. కనీసం ఎంత సపోర్ట్ ఉంటే పట్టించుకోవాలన్నది మన ఇష్టం, ఏ పుస్తకమూ చెప్పదు. నేను మూడు బిల్లులు అని పెట్టుకుంటున్నాను. నూడుల్స్, అగ్గిపెట్టె ఇక్కడితో అవుట్.

సరుకులు ఎనిమిదే కదా, అన్ని రకాల గుంపులూ లెక్కపెట్టేస్తే పోలా అనిపిస్తుంది. ఎనిమిది సరుకులతో 255 గుంపులు చేయొచ్చు, ఓపికుంటే ఒక పూటలో అయిపోతుంది. అదే సూపర్ మార్కెట్లో వెయ్యి సరుకులున్నాయనుకోండి, జంటలే 4,99,500, మొత్తం గుంపుల సంఖ్య రాయాలంటే 302 అంకెలు కావాలి. ఏ కంప్యూటరూ దాని జోలికి పోలేదు. దీనికి మంచి ఉపాయం 1994లో వచ్చింది, రాకేశ్ అగ్రవాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ ఇద్దరూ చిలీ రాజధాని శాంటియాగోలో భారీ డేటాబేస్‌ల మీద జరిగిన వీఎల్‌డీబీ సదస్సులో చూపించారు. దాని పేరు ఎప్రియోరి.

ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. అగ్గిపెట్టె ఒక్క బిల్లులోనే ఉంటే, అగ్గిపెట్టె ఉన్న ఏ గుంపూ ఒక్క బిల్లును మించి ఉండదు. కాబట్టి చిన్న గుంపు తప్పిందంటే దాన్ని కలుపుకున్న పెద్ద గుంపులన్నీ లెక్కపెట్టకుండానే తప్పినట్టు. అంతకు మించి ఇందులో ఏ మాయా లేదు, కానీ పని ఎంత తగ్గిస్తుందో చేసి చూడండి.

మిగిలిన ఆరు సరుకులతో జంటలు పదిహేను. ఒక్కొక్కటీ బిల్లుల్లో వెతకండి. పాలు–దోసె పిండి 3, పాలు–కారప్పొడి 3, పాలు–పెరుగు 3, పాలు–బ్రెడ్ 3, పాలు–గుడ్లు 3, దోసె పిండి–కారప్పొడి 4, బ్రెడ్–గుడ్లు 3. ఈ ఏడూ పాస్. దోసె పిండి–పెరుగు రెండు బిల్లుల్లోనే ఉంది, కారప్పొడి–పెరుగు ఒక్కదాంట్లో, మిగతా ఆరు జంటలు అసలు కలిసి కనిపించనే లేదు.

మూడేసి గుంపులకు వద్దాం, చాలామంది తికమకపడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూడండి. పాస్ అయిన జంటల్లో ఒక సరుకు ఉమ్మడిగా ఉన్నవాటిని కలపాలి. పాలు ఉన్న జంటలు ఐదు, వాటిని రెండేసి చొప్పున కలిపితే పది గుంపులు వస్తాయి. వెంటనే బిల్లుల దగ్గరికి పరుగెత్తకండి. ముందు ఒక్కో గుంపులోని మూడు జంటలూ పైన పాస్ అయ్యాయా అని చూడండి. పాలు, దోసె పిండి, పెరుగు తీసుకుంటే అందులో దోసె పిండి–పెరుగు ఇందాకే తప్పింది, కాబట్టి కొట్టేయడమే. ఇలా కొట్టేసుకుంటూ పోతే పదిలో మిగిలేవి రెండే: పాలు–దోసె పిండి–కారప్పొడి, పాలు–బ్రెడ్–గుడ్లు. వీటినే బిల్లుల్లో వెతకాలి, రెండూ మూడేసి బిల్లుల్లో ఉన్నాయి. నాలుగేసి గుంపు కట్టడానికి ఇక వీల్లేదు, అయిపోయింది. 255 గుంపుల్లో మనం బిల్లులు తిరగేసి లెక్కపెట్టింది 8, 15, 2, మొత్తం 25.

అయితే ఒక్కో మెట్టుకూ బిల్లులన్నీ మొదటి నుంచి చదవాలి, మనం మూడుసార్లు చదివాం. డేటా పెద్దదైతే అదే భారం, అందుకే 2000లో జియావే హాన్, జియాన్ పే, యివెన్ యిన్ కలిసి రెండేసార్లు చదివితే చాలనే ఎఫ్‌పీ-గ్రోత్ పద్ధతి తెచ్చారు. చేత్తో నేర్చుకోవడానికి మాత్రం ఎప్రియోరినే హాయి, కాబట్టి ఎఫ్‌పీ-గ్రోత్‌ను ఇక్కడ ముట్టుకోను.

గుంపులు దొరికాయి, ఇక రూల్స్ రాద్దాం. కారప్పొడి కొంటే పాలు కూడా కొంటారు అనే రూల్ తీసుకోండి. కారప్పొడి ఉన్న బిల్లులు 4, వాటిలో పాలు కూడా ఉన్నవి 3. నాలుగింట మూడు, 75 శాతం. దీన్ని కాన్ఫిడెన్స్ అంటారు. దోసె పిండి కొంటే కారప్పొడి కూడా కొంటారు అన్నదానికి ఐదింట నాలుగు, 80 శాతం. రెండూ చూడ్డానికి ఇంచుమించు ఒకే బలంతో ఉన్నాయి, ఆ లెక్క చూపించి కారప్పొడిని పాల ఫ్రిజ్ పక్కన పెట్టమని కొట్టాయనకు సలహా ఇచ్చేవాళ్లు చాలామందే దొరుకుతారు.

కానీ ఒక్క నిమిషం ఆగండి. పాలు ఎలాగూ 80 శాతం బిల్లుల్లో ఉన్నాయి. కారప్పొడి కొన్నవాళ్లలో 75 శాతమే కొన్నారంటే మామూలు కంటే కాస్త తక్కువే కదా! ఈ సంగతి ఒక్క అంకెలో చెప్పడానికి కాన్ఫిడెన్స్‌ను రెండో సరుకు సపోర్ట్‌తో భాగించాలి, అది లిఫ్ట్. 75ను 80తో భాగిస్తే సుమారు 0.94. ఒకటికి దగ్గరగా ఉందంటే రెంటికీ సంబంధం లేనట్టు, ఒకటి కంటే బాగా తక్కువైతే ఒకటి ఉన్నచోట రెండోది తగ్గుతున్నట్టు. దోసె పిండి–కారప్పొడికి 80ని 40తో భాగించండి, 2 వస్తుంది. దోసె పిండి కొన్నవాళ్లు కారప్పొడి కొనడం మామూలు కంటే రెట్టింపు. రూల్‌ను తిరగేసి కారప్పొడి కొంటే దోసె పిండి అని రాస్తే కాన్ఫిడెన్స్ 100 శాతానికి మారుతుంది, లిఫ్ట్ మాత్రం అదే 2. కాన్ఫిడెన్స్ ఒక్కటే చూసి రూల్ బాగుందనేవాళ్లను నేనైతే నమ్మను.

దోసె పిండి–పాలకు కూడా వేయండి: కాన్ఫిడెన్స్ 60, లిఫ్ట్ 0.75. దోసె పిండి కొన్నవాళ్లు పాలు తాగరా ఏంటి? కొట్టాయన్ని అడిగితే నవ్వేశాడు. "పాలు పొద్దున్నే అయిపోతాయి తమ్ముడూ, పిండి ప్యాకెట్లు సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చేటప్పుడు పోతాయి" అన్నాడు. అంటే ఒకే ఇంటివాళ్లు రెండూ కొంటున్నారు, రెండు బిల్లుల్లో. మనం బిల్లుల్ని చూస్తున్నాం, మనుషుల్ని కాదు. ఇంటిల్లిపాది ఒకే ఖాతా వాడుతుంటే ఒక రోజు ఖాతా మొత్తాన్ని ఒక బిల్లుగా తీసుకుని మళ్లీ లెక్కేయొచ్చు, అంకెలు మారిపోతాయి. లెక్క మొదలుపెట్టే ముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది.

ఇక బ్రెడ్–గుడ్లు. కాన్ఫిడెన్స్ 100, లిఫ్ట్ 3.33, మన పది బిల్లుల్లో దీన్ని మించింది లేదు. ఆ అంకె చూసి సంబరపడేలోపే ఆయన 2, 6, 9 బిల్లుల మీద వేలు పెట్టి "ఈ మూడూ మూలమీద పీజీ వంటాయనవే, రోజు మార్చి రోజు టిఫినుకి తీసుకెళ్తాడు" అన్నాడు. ఒక్క మనిషి అలవాటు మన లెక్కలో రూల్ అయి కూర్చుంది. లిఫ్ట్ ఆకాశంలో ఉండి సపోర్ట్ అరకొరగా ఉందంటే వెంటనే అనుమానించండి, ఆ బిల్లులు ఎవరివో తీసి చూడండి, సాఫ్ట్‌వేర్ ఆ పని చేసిపెట్టదు.

బీర్లు, పిల్లల డైపర్లు కలిసి అమ్ముడుపోయాయనే కథ ఈ సబ్జెక్టులో ప్రతి క్లాసులోనూ చెబుతారు. అది 1992లో అమెరికాలోని ఓస్కో డ్రగ్ అనే మందుల షాపుల బిల్లుల్లో కనిపించిన మాట నిజమే, సాయంత్రం ఐదు, ఏడు మధ్య. కానీ ఆ షాపులవాళ్లు దాన్ని చూసి బీర్లను డైపర్ల పక్కకు జరపలేదు. జరిపారని, అమ్మకాలు అమాంతం పెరిగాయని చెప్పేదంతా తర్వాత అతికించుకున్న మసాలా.

ఎక్సెల్‌లో చేయాలనుకుంటే ఒక్కో సరుక్కి ఒక నిలువు వరస పెట్టి, ఉంటే 1, లేకపోతే 0 వేయండి. రెండు వరసల మీద సమ్‌ప్రొడక్ట్ (SUMPRODUCT) ఫార్ములా వేస్తే జంట లెక్క వచ్చేస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు ఎమ్ఎల్ఎక్స్‌టెండ్ లైబ్రరీలో ఎప్రియోరి, లిఫ్ట్ అన్నీ సిద్ధంగా ఉన్నాయి, కాకపోతే ఒకసారి చేత్తో చేశాకే దాన్ని ముట్టుకోండి.

ఇంటిపని. ఇవే పది బిల్లులకు కనీస సపోర్ట్ మూడు బదులు నాలుగు పెట్టుకోండి. మొదటి మెట్టులో ఎన్ని సరుకులు మిగిలాయి, ఎన్ని జంటలు లెక్కపెట్టాల్సి వచ్చింది, ఎన్ని పాస్ అయ్యాయి, మూడేసి గుంపుల దాకా వెళ్లే అవసరం పడిందా? తర్వాత మీ వీధిలో తెలిసిన కొట్టు ఉంటే, కొనేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు లేకుండా ఒక యాభై బిల్లులు అడిగి తెచ్చుకోండి. 5వ భాగంలో ఆ బిల్లుల్నే గుంపులుగా విడగొడదాం, అంటే క్లస్టరింగ్. దానికి ఆధారం బెంగళూరులోనే ఉన్న భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో అప్పట్లో ఆచార్యుడైన ఎం. నరసింహమూర్తి, అనిల్ జైన్, ప్యాట్రిక్ ఫ్లిన్ కలిసి 1999లో రాసిన సమీక్ష వ్యాసం.