ప్రోబ్ టిప్పు గుండ్రమో కాదో మైక్రోమీటరు చెప్పదు

ప్రోబు (వస్తువును తాకి కొలిచే పుల్ల) కొనలో ఉండే 1 మి.మీ. స్టీలు గుండును మైక్రోమీటరులో ఎటు తిప్పి పట్టినా ఒకే కొలత రావచ్చు. అలాగని అది గుండ్రంగా ఉన్నట్టు కాదు. చుట్టూ మూడు గానీ ఐదు గానీ ఉబ్బులుంటే ప్రతి ఉబ్బుకూ ఎదురుగా పల్లం ఉంటుంది, వ్యాసం మారదు.

60 డిగ్రీల వి-బ్లాకులో (V ఆకారపు గాడి ఉన్న దిమ్మె) తిప్పి పైన డయలు గేజి పెడితే మూడు ఉబ్బుల తేడా మూడింతలై కనిపిస్తుంది. కానీ రెండు, నాలుగు, ఐదు ఉబ్బులు దానికి కనపడవు. 90 డిగ్రీలది మూడింటినీ ఐదింటినీ రెండింతలు చూపి, ఏడింటిని మింగేస్తుంది. కాబట్టి వి-బ్లాకు అనుమానం తీర్చుకోవడానికే. రిపోర్టులో అంకె రాయాలంటే ఎయిర్ బేరింగ్ స్పిండిల్ (గాలి పొర మీద తిరిగే ఇరుసు) కావాలి.

గుండును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక వేలు తగలనివ్వకండి. గుండున్న కాడను స్పిండిల్‌లో వీలైనంత పొట్టిగా బిగించండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 0.5 మి.మీ. మందం స్టీలు కాడ 10 మి.మీ. బయట ఉంటే, గేజి 10 గ్రాముల ఒత్తిడికే సుమారు 54 మైక్రాన్లు (మైక్రాను అంటే మి.మీ.లో వెయ్యో వంతు) వంగుతుంది. వెతికేదేమో మైక్రానులో పదో వంతు! 2 మి.మీ. మాత్రమే వదిలితే వంపు అర మైక్రానుకు లోపే. వంపు అన్ని కోణాల్లో ఒకేలా ఉంటే నష్టం లేదు, ఒత్తిడి మారితేనే చిక్కు.

గుండును స్పిండిల్ మధ్యకు 5 మైక్రాన్లలోపు సెంటర్ చేసి, తిప్పుతూ 15 డిగ్రీలకొకటి చొప్పున 24 రీడింగులు రాసుకోండి. 360 దగ్గర మళ్లీ చూడండి. సున్నా దగ్గరి రీడింగుతో 0.1 మైక్రాను తేడా వచ్చినా ఆ రౌండు పనికిరాదు. రాయగడ ఎండలో రేకుల షెడ్డు అయితే నేరం గుండుది కాదు, స్టాండుది: 100 మి.మీ. స్టీలు చెయ్యి ఒక డిగ్రీ వేడెక్కితే 1.15 మైక్రాన్లు సాగుతుంది, 1 మి.మీ. గుండు మైక్రానులో నూరో వంతే. తెల్లవారగానే, ఫ్యాను ఆపి, స్టాండును చేత్తో తాకకుండా కొలవండి.

ఎక్సెల్‌లో రీడింగులను కోణం కొసైన్‌తో గుణించి కూడి 12తో భాగిస్తే ఒక దిశలో సెంటరు తప్పు, సైన్‌తో చేస్తే రెండో దిశలోది వస్తుంది. మొదటిదాన్ని ఆయా కోణం కొసైన్‌తో, రెండోదాన్ని సైన్‌తో గుణించి ప్రతి రీడింగు నుంచి తీసేశాక మిగిలినదాంట్లో గరిష్ఠం, కనిష్ఠం మధ్య తేడాయే గుండ్రతనపు లోపం. జి5 గ్రేడు (స్టీలు బంతుల నాణ్యత తరగతుల్లో ఒకటి) బంతికి హద్దు 0.13 మైక్రాను.

స్పిండిల్ మీదే అనుమానమైతే టిప్పును 180 డిగ్రీలు తిప్పి బిగించి, గేజిని ఎదురువైపుకు మార్చి మళ్లీ కొలవండి. స్పిండిల్ ఒకే కోణంలో ఉన్నప్పటి రెండు రీడింగుల సగటు టిప్పుది, తేడాలో సగం స్పిండిల్‌ది.

ఇదంతా గుండు నడుముకే. పైనుంచి దిగి తాకే ప్రోబు అరిగేది కింది కొనలో, కాబట్టి కాడను 45 డిగ్రీలు వాల్చి బిగించి ఇంకో చుట్టు కొలవండి.