గేమ్ మధ్యలో ఆగిపోతుంటే – 3వ పాఠం: వేడా, కరెంటా?

పోయిన పాఠంలో, విండోస్ తనలో జరిగిన తప్పుల్ని రోజువారీగా రాసిపెట్టుకునే రిలయబిలిటీ హిస్టరీ తెరిచి, గేమ్ ఆగిపోయిన సమయానికి ఎదురుగా ఏముందో చదవడం నేర్చుకున్నాం. అక్కడ గేమ్ ఫైలు పేరూ తప్పు కోడూ కనబడినవాళ్లు 4వ పాఠం దాకా ఆగండి. ఈ పాఠం "విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అన్న ఒక్క వాక్యమే కనబడినవాళ్లకు. అంటే కాసేపు బాగానే ఆడి, ఉన్నట్టుండి మెషీనే ఆరిపోయేవాళ్లకు. విండోస్ వివరంగా రాసుకునే చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో ఇదే కెర్నల్ పవర్ 41గా కనిపిస్తుంది. ఆ 41 చూసి పవర్ సప్లై (మెషీన్ లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా) పోయిందని తీర్మానించకండి. మెషీన్ చెప్పకుండా ఆగిందని తప్ప, ఎందుకు ఆగిందో అది చెప్పదు.

ముందు వేడి సంగతి. తిరుపతిలో కత్తిరి ఎండలకు 40 డిగ్రీలు దాటడం మామూలే. మిద్దె మీద గదయితే రాత్రి పదింటికి కూడా గోడలు కాలుతుంటాయి. ఫ్యాను ఎంత తిరిగినా గదిలో ఉన్న గాలినే లోపలికి తోస్తుంది కాబట్టి, గది 28 నుంచి 38కి పోతే చిప్పు వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. జనవరిలో నడిచిన గేమ్ మేలో నడవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. గేమ్ తీసేసి మళ్లీ ఎక్కించినంత మాత్రాన గది చల్లబడదు.

కొలవడానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) అన్న ప్రోగ్రామ్ చాలు, చిప్పుల వేడిని అది చూపిస్తుంది. తెరిచేటప్పుడు సెన్సార్స్ ఓన్లీకి టిక్ పెట్టి, లాగింగ్ మొదలుపెట్టి గేమ్ ఆడండి. రెండు సెకన్లకోసారి లెక్కలు ఫైలులోకి పోతుంటాయి. మెషీన్ ఆరిపోయినా ఆ ఫైలు మిగులుతుంది, దాని చివరి వరసల్లోనే జవాబుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావాటికి హద్దు 100 డిగ్రీలు, జీఫోర్స్ 30 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులకు 93. హద్దుకు దగ్గరపడగానే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అందుకే ఆరిపోయేముందు గేమ్ నత్తనడక నడుస్తుంది. చివరి వరసలో 70, 75 ఉండి, నత్తనడక లేకుండా టక్కున ఆరిపోతే చిప్పుల వేడిని పక్కనబెట్టి కరెంటు వైపు చూడండి.

వేడే అయితే దుమ్ము దులపండి. ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుని, ఆ తర్వాతే మూత తీయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపండి, గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ వద్దే వద్దు, స్టాటిక్ కరెంటు భయం. రేణిగుంట రోడ్డు లాంటి రద్దీ రోడ్డు పక్కన ఇల్లుంటే రెండు నెలలకోసారి ఈ పని తప్పదు. తర్వాతా హద్దు తాకుతుంటే ప్రాసెసర్ మీద, దాని వేడిని కూలర్‌కు చేరవేసే పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకుండా వెనకవైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తిపెట్టండి.

ఇక కరెంటు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పెట్టె మీద 600 వీఏ అని రాసున్న యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. బ్రౌజర్ చూసేటప్పుడు వంద వాట్లతో సరిపెట్టుకునే మెషీన్, గేమ్ మొదలవగానే 400 అడగవచ్చు. అప్పుడు కరెంటు పోయిన మరుక్షణం యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనక స్విచ్ చూడండి. మామూలు మోడ్‌లో ఉంటే బ్యాటరీకి మారడానికి పట్టే ఆ కాస్త ఆలస్యాన్ని ఫ్యానూ లైటూ ఓర్చుకుంటాయి, కంప్యూటర్ ఓర్చుకోదు. యూపీఎస్ మోడ్‌కు మార్చండి. గ్రాఫిక్స్ కార్డుకు రెండు 8 పిన్ సాకెట్లుంటే, ఒకే కేబుల్‌కున్న రెండు తలల్నీ గుచ్చకుండా పవర్ సప్లై నుంచి విడివిడిగా రెండు కేబుళ్లు తీయండి. ఒక్కో సాకెట్ 150 వాట్లకు లెక్కగట్టింది.

వేడో కరెంటో తేలకపోతే ఒక పరీక్ష ఉంది. గేమ్ సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటును (సెకనుకు తెర మీద మారే బొమ్మల లెక్క) 60కి కట్టేసి గంట ఆడండి. కార్డు మీద బరువు తగ్గి వేడీ వాట్లూ రెండూ దిగుతాయి. ఆరిపోవడం ఆగితే, ఆ హద్దు అలాగే ఉంచి గదిలో ఏసీ లేకుండా మరో గంట ఆడండి. మళ్లీ ఆరిపోతే అనుమానం వేడి మీదికి పోతుంది. ఆరిపోకపోతే హద్దు తీసేసి, ఏసీ 24లో పెట్టి ఆడండి. గది చల్లగా ఉండీ ఆరిపోతే అనుమానం కరెంటు మీదికి పోతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. దుమ్ము దులిపి, కేబుల్ మార్చి, ఏసీ వేసి, అన్నీ ఒకే సాయంత్రం చేస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, వచ్చే వేసవిలో మళ్లీ మొదటికొస్తారు.

ఫ్రేములు కట్టేసి, గది చల్లబరిచి, యూపీఎస్ తీసి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టినా ఆరిపోతుంటే పవర్ సప్లైని అనుమానించాలి. కొనేముందు తెలిసినవాళ్ల దగ్గర అంతే వాట్లది ఒకటి తెచ్చి, దాని కేబుళ్లతోనే బిగించి ఒక్కరోజు నడపండి. పాత కేబుళ్లు కొత్తదానికి గుచ్చవద్దు, కంపెనీని బట్టి పిన్ల వరస మారుతుంది, బోర్డు కాలిపోవచ్చు. లాగ్ ఫైలు చెరపకుండా ఉంచండి, 4వ పాఠంలో డ్రైవర్ల దగ్గర మళ్లీ దాన్నే తెరుస్తాం.