వానల ముందు మైదా ఎక్కువగా కొంటున్నారా?

చెన్నైలో ఉన్న చిక్కే ఇది. మైదా, చక్కెర, జీడిపప్పు టోకున కొనాల్సి వచ్చేది దీపావళికీ, క్రిస్మస్ కేకులకీ. ఈశాన్య రుతుపవనాలు తడిపేది కూడా సరిగ్గా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. కొత్తవాల్ చావడి టోకు బజారులో కిలోకి కాస్త తగ్గిందని మూటలు మోసుకొస్తే, ఆ మిగులు నవంబరు చెమ్మకే సరి.

అన్నీ ఒకేలా కొనొద్దు. చక్కెర పాడవదు, గడ్డకడితే దంచుకోవచ్చు. మైదా గాలి చొరకపోతే కొన్ని నెలలు ఆగుతుంది. గోధుమపిండిలో తవుడు, గింజలోని మొలక భాగం కూడా ఉంటాయి కాబట్టి వాటి నూనె వల్ల త్వరగా వాసన పట్టేస్తుంది. నెలకు సరిపడా చాలు. బాదం పొడి, వాల్‌నట్లు, తెరిచిన ఈస్ట్ ఫ్రిజ్‌లోనే ఉండాలి. బేకింగ్ పౌడర్ మాత్రం ఎంత చవకైనా పెద్ద డబ్బా కొనకండి. అందులో సోడా, పులుపు రెండూ కలిసే ఉంటాయి, చెమ్మ తగిలితే వాటి పని డబ్బాలోనే అయిపోతుంది. అనుమానంగా ఉంటే అర చెంచా పొడి వేడినీళ్లలో వేయండి. బుసబుసా పొంగకపోతే కేకూ పొంగదు.

పురుగు చాలాసార్లు పిండితోపాటే వస్తుంది, గుడ్లు కంటికి కనబడవు. కొత్త మైదాను మూసిన కవరులోనే నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా విప్పొద్దు, విప్పితే పిండికి తేమ పడుతుంది. వేపాకు వేసేవాళ్లున్నారు. అది గుడ్లను చంపదు, పచ్చిదైతే చెమ్మ కూడా తెస్తుంది. నాకైతే ఆ పద్ధతి మీద నమ్మకం లేదు.

ఇక జిప్ కవర్లు. కడిగి మళ్లీ వాడటం మంచిదే, కానీ వానాకాలంలో సగం ఆరిన కవరు పిండిని పాడుచేస్తుంది. పొడి సరుకు పెట్టినవే మళ్లీ వాడండి. పచ్చి చికెన్, చేప, గుడ్లు పెట్టినవి నేరుగా చెత్తబుట్టలోకి. వేరుశనగలు పెట్టినవాటిలో మైదా పోయొద్దు, ముఖ్యంగా కేకులు అమ్మేవాళ్లు. తినేవాళ్లలో ఎవరికి పడదో మనకేం తెలుసు? పాల కవర్లు, కూరగాయల నల్ల కవర్లు అసలే వద్దు.

కవరును లోపలివైపు బయటికి తిప్పి, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల లిక్విడ్‌తో కడగండి. మరిగే నీళ్లు పోస్తే వంకర్లు పోతుంది. నీళ్లు నింపి తలకిందులు చేసి చూడండి, చుక్క కారినా పక్కన పెట్టేయండి. గ్లాసులో గరిటెలు నిలబెట్టి వాటికి తొడిగి, ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. పైకి ఆరినట్టే ఉంటుంది, తడంతా జిప్ గాడిలోనే దాక్కుంటుంది. అక్కడ టిష్యూతో ఒత్తి, ఇంకో పూట వదిలేయండి.

కవరులోని పిండికి పలుచటి ప్లాస్టిక్ ఒక్కటే అడ్డు, పురుగులు దాన్ని కొరకగలవు. అందుకే కవరును స్టీలు డబ్బాలో పెట్టండి. పిండి వచ్చిన ప్యాకెట్ మీది గడువు తేదీ ముక్క కత్తిరించి కవరుకు అంటించండి.

గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో ఈ డబ్బాలన్నీ పై అరల్లోకి చేరాలి. 2015 డిసెంబరులో చెన్నై వరదలను చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వరదనీరు తగిలితే మూత బిగుతుగా ఉంది కదా అని ఆశపడొద్దు. మూత అంచుల్లో మురుగు చేరుతుంది, ఆ పిండి పారబోయాల్సిందే.