ఆస్థాన సంగీతకర్త షూట్స్‌ను వినే పద్ధతి: జయపురం శ్రోతలకు

ఆస్థాన విద్వాంసుడంటే ఎవరో జయపురం తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ గారి సంస్థానం మనది. పైగా 1880లలో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్ (మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) మిషనరీలు నాటిన సంఘం కొరాపుట్ కొండల్లో నేటికీ ఉన్నది. అందుచేత లూథరన్ సంగీతానికి పునాది వేసినవారిలో ఒకడైన జర్మన్ సంగీతకర్త హైన్రిష్ షూట్స్ (1585–1672) మనకు బొత్తిగా పరాయివాడు కాడు.

పాట పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ రచన నాటికి ప్రభువు ఆయనకు ఎందరు గాయకులను ఇవ్వగలిగాడు? ఆయన జీవితమంతా ఆ లెక్కలోనే కనబడుతుంది. తండ్రి నడిపే సత్రంలో 1598లో బసచేసిన జర్మనీలోని కాసెల్ ప్రభువు మోరిట్స్, ఆ బాలుడి గొంతు విని ముచ్చటపడి, మరుసటి ఏడు తన ఆస్థానానికి రప్పించుకున్నాడు. 1609లో వెనిస్‌కు పంపి జొవాన్నీ గాబ్రియేలి అనే సంగీతకర్త వద్ద శిష్యరికం చేయించాడు. తరువాత డ్రెస్డెన్ పాలకుడు కొన్నాళ్లకని అరువు అడిగి, ఇక వెనక్కి పంపలేదు. అక్కడ గాయకులకు కొరత లేని 1619లో, గాబ్రియేలి నేర్పిన విధంగా బృందాలు ఎదురెదురుగా పాడే 'దావీదు కీర్తనలు' వెలువడ్డాయి. అప్పటికే మొదలైన ముప్పై ఏళ్ల యుద్ధం (1618–48) ఆ బృందాన్ని క్రమంగా చెదరగొట్టింది. యుద్ధం ముగిశాక కూడా జీతం అందక ఒక గాయకుడు బట్టలు తాకట్టు పెట్టుకున్నాడని షూట్స్ 1652లో స్వయంగా రాశాడు. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

కనుక ఘనమైన రచనలతో కాక, లేమిలో పుట్టిన 1636 నాటి 'చిన్న ఆధ్యాత్మిక కచేరీల'తో మొదలుపెట్టండి. వెతకడానికి పేరుకంటే ఎస్‌.డబ్ల్యు.వి. (SWV) అనే షూట్స్ రచనల జాబితాలోని సంఖ్య నయం. ఇక్కడ కావలసినది 282. ముందుగా తెలుగు బైబిలులో 70వ కీర్తన పైకి చదవండి. దేవా, నన్ను విడిపించుటకు త్వరపడుమని వేడుకునే ఆ మాటలను ఒకే ఒక గొంతు, కింద ఆర్గాన్ వంటి వాద్యం తోడుగా పాడుతుంది. ఆ వాద్యాన్ని తంబురా శ్రుతి అనుకోవద్దు. అది నిలిచి ఉండదు, అడుగుతీసి నడుస్తుంది, ఆ నడకే గొంతుకు దారి చూపుతుంది. తాళం వేయాలనే అలవాటును కూడా కాసేపు ఆపుకోవాలి, ఎందుకంటే ప్రసంగించే తీరులో పాడాలని షూట్స్ సూచించిన పాట ఇది. మాట తొందరపడిన చోట స్వరం తొందరపడుతుంది, మాట ఆగిన చోట ఆగుతుంది. మన పద్యపఠనం ఎరిగిన చెవికి ఇది త్వరగా పట్టుబడుతుందని నా నమ్మకం.

ఈ పాట రెండు మూడు రోజులు విన్న తరువాతనే 1650 నాటి 415వ సంఖ్యకు వెళ్లండి. క్రైస్తవులను హింసిస్తున్న సౌలుకు దమస్కు దారిలో వినబడిన క్రీస్తు పిలుపు అది. ఫోన్ స్పీకరులో వినవద్దు, హెడ్‌ఫోన్ తప్పనిసరి. 'సౌలా' అనే పిలుపు మంద్రస్థాయి గొంతుల్లో, నేల అడుగునుంచి వచ్చినట్టు మొదలై, పై గొంతులకు, వయొలిన్లకు పాకి, చివరకు రెండు బృందాలూ కలిసి నలువైపులా చుట్టుముడుతుంది. ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెల్లగా పాడాలో ఆయనే గుర్తులు పెట్టాడు కాబట్టి మధ్యలో శబ్దం పెంచకండి, తగ్గించకండి. ముగింపులో పిలుపు సన్నగిల్లి దూరమైపోతుంది.

చివరిగా, ఎనభై ఏళ్లు నిండాక 1666లో కూర్చిన మత్తయి శ్రమల గాథ, అంటే మత్తయి సువార్త చెప్పిన యేసు సిలువ బాధల కథ, సంఖ్య 479. ఇందులో వాద్యమే లేదు. మత్తయి సువార్త 26, 27 అధ్యాయాలు ఒళ్లో తెరిచి పెట్టుకుని, ఒంటరి గొంతు కథ చెబుతూ ఉండగా వచనం వెంట వేలితో అనుసరించండి. జనసమూహం మాట్లాడే వచనం రాగానే అనేక గొంతులు ఒక్కసారిగా లేస్తాయి.